అపస్మారకంలో ఉన్నవారికి అయినవారి గొంతు వినిపించడాన్ని చికిత్స అనవచ్చునా?

వెన్నెల: తలకు దెబ్బ తగిలి మా తమ్ముడు రెండు నెలలుగా స్పృహలో లేడు. అమ్మ చెప్పిన చిన్ననాటి సంగతులను రికార్డు చేసి వినిపించబోతే ఐసీయూ సిబ్బంది వారించి, నా ఫోనును బయట పెట్టించారు. అమెరికాలో థెరీసా పేప్ బృందం 2015లో ప్రచురించిన పరిశోధనలో, కుటుంబసభ్యుల గొంతుతో జ్ఞాపకాలను రోజుకు నాలుగుసార్లు చొప్పున ఆరు వారాలు వినిపించినప్పుడు రోగుల స్పందన మెరుగుపడింది. మరి దీనిని చికిత్సలో ఎందుకు చేర్చరు?

సత్యాన్వేషి: ఆ పరిశోధనలో పాల్గొన్నది 15 మందే. వాడిన కొలమానాలలో ఒకదానిలో తేడా కనిపించింది, మరొకదానిలో కనిపించలేదు. ఇలాంటి రోగులు కోలుకోవడానికి ఇచ్చే అమాంటాడిన్ అనే మందును 184 మందిపై పరీక్షించి 2012లో ఫలితాలు ప్రకటించారు. ఆధారమంటే అలా ఉండాలి.

వెన్నెల: మందుకు దుష్ఫలితాలు ఉంటాయి కనుక అన్ని పరీక్షలు కావాలి. అమ్మ గొంతుకు ఏ దుష్ఫలితం ఉంటుందండీ?

మేఘన: 2006లో ఏడ్రియన్ ఓవెన్ బృందం, పైకి ఏ స్పందనా లేని 23 ఏళ్ల యువతిని టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకోమన్నప్పుడు, ఆరోగ్యవంతుల మెదడులో చురుకయ్యే భాగమే ఆమె మెదడులోనూ చురుకైనట్టు స్కానింగులో కనిపించింది. కదలిక లేనంత మాత్రాన వినడం లేదని అనుకోకూడదు.

సత్యాన్వేషి: వినగలరనడానికి అది ఆధారమే కాని, వింటే కోలుకుంటారనడానికి కాదు. 15 మందితో ఆ మాట తేలదు.

రాధిక: నేను నర్సుగా పనిచేస్తున్నాను. వినిపించినా కొద్దిసేపే వినిపించి, తరువాత నిశ్శబ్దంగా వదిలేయాలి.

వెన్నెల: సత్యాన్వేషి గారూ, ఆ అంకెను పట్టుకుని వేలాడుతున్నారు. మీ ఇంటి మనిషి ఆ మంచం మీద ఉంటే ఇలాగే లెక్కలు వేసేవారా?

సత్యాన్వేషి: ఉన్నారు. మా నాన్నగారు. మాట్లాడుతూ ఉంటే లేస్తారని ఎవరో చెప్పగా, మా అమ్మ ఐదు నెలలు రోజూ గొంతు పోయేదాకా మాట్లాడింది. ఆయన లేవలేదు. తాను సరిగా పిలవలేదేమోనని ఆమె ఇప్పటికీ నన్ను అడుగుతూనే ఉంటుంది. చికిత్స అని పేరు పెట్టారంటే, అది ఫలించనప్పుడు నేరం ఆ గొంతు మీద పడుతుంది. నా అభ్యంతరమంతా ఆ పేరు మీదే.

వెన్నెల: ఈ మాట మొదటే చెప్పవలసింది. అయినా ఆ భారం మోయాలో వద్దో మా అమ్మే తేల్చుకోవాలి, ఆసుపత్రి కాదు. మందుల వేళలకు అడ్డురాకుండా పూటకు పది నిమిషాలు ఇమ్మని రేపు డాక్టరు గారిని అడుగుతాను.

సత్యాన్వేషి: తప్పక అడగండి. వింటే తమ్ముడు లేస్తాడని మాత్రం అమ్మగారితో అనకండి.

వెన్నెల: నిన్ననే అనేశాను.