కొల్లేరు: మురుగు తేర్చి వదిలే చేపల రైతుకి ప్రభుత్వం డబ్బివ్వాలా?

కాలువగట్టు: కొల్లేరు సరస్సు అభయారణ్యానికి హద్దు గీత ఐదో కాంటూరు కదా, దాని బయట చేపల చెరువులున్నవాళ్లని అడుగుతున్నా. పట్టుబడి (చేపలు పట్టడం) అయ్యాక చెరువు నీళ్లు నేరుగా డ్రెయిన్లోకి తోడేస్తున్నాం, అవి కొల్లేట్లోకే పోతాయి. మడ్డి ఎక్కువగా ఉండేది చివరి అడుగు నీళ్లలోనే. ఎకరానికి పది సెంట్లు వదిలి కిక్కిస, తుంగ లాంటి నీటి గడ్డి పెంచి, మడ్డి తేరేలా ఆ నీళ్లని మెల్లగా దాని గుండా పంపే రైతుకి ఏటా కొంత డబ్బివ్వాలని నా వాదన. ప్రకృతి సేద్యానికి కేంద్రం ఎకరానికి ఏడాదికి 4,000 రూపాయలు ప్రకటించిందిగా.

పాతపట్టా: కిక్కిస పెంచితే చేపలు తినే నీటికాకులు చేరతాయి. చేపపిల్ల వేసిన నెలలో గుంపు దిగిందంటే ఏం మిగులుద్దండీ?

రేవులో రాజు: పైన వల కట్టుకోండి.

పాతపట్టా: వల ఖర్చు ఎవరిది? పది సెంట్ల పంట ఎవరిస్తారు? పక్షుల సంగతి తేలాకే మిగతా మాట.

వలకట్టు: పాడుచేసినవాడికే బాగుచేయమని డబ్బులా? మా నాన్న సరస్సులో మావు (చేపలు పట్టే బుట్ట) ఎత్తితే కొర్రమీను, ఇంగిలాయి, మట్టగిడస పడేవి. మీ పట్టుబళ్ల రోజుల్లో నేను ఎత్తితే నల్లటి పాచి చేతులకి జిగురులా అంటుకుంటది, సబ్బుకి కూడా పోదు. మా అమ్మ బిందె ముంచి తెచ్చిన నీళ్లే తాగి పెరిగాం. ఇప్పుడు తాగే నీళ్ల టిన్ను కొంటున్నాం. ఆ టిన్ను డబ్బులు ముందు మాకివ్వండి.

పాతపట్టా: మేం నష్టపోలేదా? 1999 జీవోతో 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అన్నారు, అందులో మా జిరాయితీ (సొంత పట్టా) ఆరెకరాలూ కలిసిపోయాయి. 2006లో అధికారులొచ్చి మా చెరువు గట్టు తెగ్గొట్టిన రోజు అరకేజీ కూడా రాని శీలావతి చేప అంతా కాలువలో పోతుంటే మా నాన్న గట్టు మీద కూర్చుండిపోయాడు. మాకు రూపాయి రాలేదు.

వలకట్టు: మా సొసైటీ చెరువూ ఆ రోజే కొట్టారు. మాకు పట్టా కూడా లేదు, ఏడవడానికి.

రేవులో రాజు: అన్నా, అడిగింది మురుగు నీళ్ల గురించి.

లీజు_రైతు: నాదొక డౌటు. నేను పదెకరాలు కౌలుకి చేస్తున్నా, ఓనరు హైదరాబాద్‌లో ఉంటారు. మోటారు పెట్టేది నేను, ఆ గడ్డి కాపాడాల్సింది నేను, పాస్‌బుక్ ఆయనది. డబ్బు ఎవరి ఖాతాలో పడుద్ది?

పాతపట్టా: భూమి ఎవరిదో వాళ్లకే.

వలకట్టు: ఇదా సంగతి! ఇంతసేపూ నీటికాకులన్నారు. పని ఒకడిది, కంపు ఇంకొకడిది, డబ్బు మాత్రం మీది.

పాతపట్టా: నోరు జాగ్రత్త తమ్ముడూ. నాకు డబ్బే వద్దు. ఈరోజు వాళ్ల డబ్బు తీసుకుని కిక్కిస పెంచుతాను. పదేళ్లకి ఎవరో వచ్చి ఇక్కడ తుంగ ఉంది, పక్షులున్నాయి, ఇది చిత్తడి నేల అని గీత గీస్తే? ఒకసారి పోగొట్టుకున్నవాణ్ణి. గీత జరగదని రాసిస్తే రేపే పాతిక సెంట్లు వదులుతా.

కాలువగట్టు: ఇది ముందే చెప్పాల్సింది గురువుగారూ. నేను దీని గురించి ఆలోచించనేలేదు. అలాంటి హామీ ఒప్పందంలోనే ఉండాలి, కౌలుదారు పేరూ ఉండాలి.

వలకట్టు: నీళ్లు తేరాయో లేదో చూసేది మా ఊరివాళ్లై ఉండాలి. అది రాస్తేనే నేను ఒప్పుకుంటా.

లీజు_రైతు: అవన్నీ ఎప్పటికి రాస్తారో. శనివారం మా చెరువు పట్టుబడి, నీళ్లు డ్రెయిన్లోకే వదలాలి, నాకు వేరే దారి లేదు. వలకట్టు అన్నా, మీది కింద ఊరే అయితే ఆదివారం దాకా మావులు తీసేసుకోండి.