డే కేర్ గోడకి తగిలించిన లైసెన్స్ చూసి పిల్లల్ని చేర్పించొచ్చా?

నల్లగండ్ల అమ్మ:
మా పాపకి పద్నాలుగో నెల. వచ్చే నెల నుంచి నేను ఆఫీసుకి వెళ్లక తప్పదు. మా అమ్మకి మోకాళ్ల నొప్పులు, అత్తమ్మ వాళ్లు వ్యవసాయం వదిలి ఇక్కడికొచ్చే పరిస్థితి లేదు, అందుకే డే కేర్లు చూస్తున్నాం. కొండాపూర్ వైపు ఒకటి చూడగానే నచ్చింది, మెత్తటి నేల, గోడల నిండా బొమ్మలు, వంటగది కూడా శుభ్రంగా ఉంది. "గవర్నమెంట్ లైసెన్స్ ఉంది మేడమ్, టెన్షన్ పడకండి" అని ఫ్రేము కట్టించిన కాగితం చూపించారు. దగ్గరికెళ్లి చదివితే అది జీహెచ్‌ఎంసీ ట్రేడ్ లైసెన్స్. పేరు, అడ్రసు, ఏం వ్యాపారం, ఎంత ఫీజు కట్టారు, అంతే. పిల్లల గురించి ఒక్క ముక్క లేదు. మరి లోపల ఎంతమంది పిల్లలున్నారు, చూసుకునేది ఎవరు, ఇవన్నీ చూసి పర్మిషన్ ఇచ్చే ఆఫీసు వేరే ఉందా? ఎవరైనా వచ్చి తనిఖీ చేస్తారా? ఎంతమందికి ఒక ఆయా అని అడిగితే "సరిపడా ఉన్నారు" అన్నారు గానీ అంకె చెప్పలేదు. సీసీటీవీ లింక్ అడిగితే మిగతా పిల్లల ప్రైవసీ అన్నారు. అన్నిచోట్లా ఇంతేనా, నేనే ఎక్కువ ఆలోచిస్తున్నానా?

మియాపూర్ హెచ్‌ఆర్:
ఎక్కువేం ఆలోచించడం లేదండీ, అడగాల్సినవే అడిగారు. మా కంపెనీలో క్రెచ్, అంటే ఉద్యోగుల పిల్లల్ని పగలు చూసుకునే చోటు, పెట్టినప్పుడు ఈ కాగితాలన్నీ నేనే తిరగేశాను కాబట్టి తెలిసింది చెప్తాను. ట్రేడ్ లైసెన్స్ అంటే ఆ చోట వ్యాపారం చేసుకోవడానికి కార్పొరేషన్ ఇచ్చే అనుమతి, బేకరీకైనా బట్టల షాపుకైనా అదే. అది చూసి పిల్లలు లోపల భద్రంగా ఉన్నారని అనుకోవడానికి లేదు. ప్రైవేటు డే కేర్లన్నిటికీ కలిపి దేశం మొత్తానికీ ఒకే లైసెన్స్ చట్టం లేదు. ఉన్నవి ముక్కలు ముక్కలుగా ఉన్నాయి. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి సెలవు 12 వారాల నుంచి 26 వారాలకి పెంచారు కదా, అప్పుడే 50 మంది, అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న సంస్థకి క్రెచ్ సదుపాయం తప్పనిసరి చేశారు, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి బిడ్డని చూసుకోవచ్చు. దాని కోసం కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ 2018లో మార్గదర్శకాలు ఇచ్చింది. మూడేళ్లలోపు పిల్లలు పదిమందికి ఒకరు, మూడేళ్లు దాటిన వాళ్లు ఇరవైమందికి ఒకరు ఉండాలన్న లెక్క అందులోదే. ప్లే స్కూళ్లకి జాతీయ బాలల హక్కుల కమిషన్ వేరే మార్గదర్శకాలు పెట్టింది, కానీ అవి మూడు నుంచి ఆరేళ్ల పిల్లల కోసం. అంటే మీ పాప వయసుకి, వీధిలో ఉండే మామూలు డే కేర్‌కి, ఇవేవీ నేరుగా అమర్చినట్టు సరిపోవు. పైగా మార్గదర్శకం అంటే పాటించకపోతే వచ్చి తాళం వేసే అధికారం ఎవరి చేతిలోనూ లేనట్టే.

నా ఉద్దేశంలో పదిమందికి ఒకరు కూడా చాలదు. నడక రాని పిల్లలైతే నలుగురికి ఒక మనిషి ఉండాలి. మంటలు అంటుకుంటే ఒక ఆయమ్మ ఎంతమందిని ఎత్తుకుని మెట్లు దిగగలదో మీరే ఆలోచించండి. కుంభకోణంలో 2004లో 94 మంది పిల్లలు చనిపోయిన స్కూల్లో మంట వంటగది నుంచే మొదలైంది. అందుకే పిల్లలుండే గదికీ సిలిండర్‌కీ మధ్య ఎంత దూరం ఉంది, బయటికి రెండో దారి ఉందా అన్నది ముందు చూడండి, బొమ్మలు తర్వాత.

మీ కంపెనీలో 50 మంది పైనే ఉంటే ముందు మీ హెచ్‌ఆర్‌నే రాతపూర్వకంగా అడగండి మేడమ్. చాలామంది ఆ హక్కు ఉందని తెలియక సొంత డబ్బులు పెట్టుకుంటున్నారు.

ఉప్పల్ నాన్న:
మా బాబు కోసం చూసినప్పుడు ఒకచోట అన్నీ బాగున్నాయి అనుకుని బయటికి వస్తుంటే గేటు పక్కన సంపు కనిపించింది. రేకు మూత, ఒక మూల పైకి లేచి ఉంది, తాళం లేదు, దాని మీద నుంచే పిల్లల ట్రైసైకిల్ తిప్పుతున్నారు. అడిగితే "ట్యాంకర్ వచ్చినప్పుడు తీస్తాం సార్, మళ్లీ మూసేస్తాం" అన్నాడు వాచ్‌మన్. మన హైదరాబాద్‌లో ఇండిపెండెంట్ ఇళ్లని డే కేర్లుగా మార్చేస్తున్నారు కదా, సంపు, బాల్కనీ గ్రిల్, మెట్ల దగ్గర గేటు, ఇన్వర్టర్ ఎక్కడ పెట్టారు, బాత్రూమ్‌లో నీళ్లు నిండిన బకెట్ ఉందా, ఇవి ఏ కాగితంలోనూ రావు, మన కళ్లతోనే చూసుకోవాలి.

ఇంకొకటి. పొద్దున టూర్‌కి రమ్మంటారు, ఆ టైముకి అందరూ ఇస్త్రీ చీరలతో నవ్వుతూ ఉంటారు. మధ్యాహ్నం రెండింటికి, పిల్లలు పడుకునే వేళకి, చెప్పకుండా వెళ్లండి. గదిలో పెద్దవాళ్లు ఎవరైనా మెలకువగా ఉన్నారా? ఏడాది లోపు బిడ్డల్ని వెల్లకిలా పడుకోబెట్టారా? అందరూ ఒకేసారి మరీ గాఢంగా నిద్రపోతుంటే ఏమైనా మందు పోస్తున్నారా అని సూటిగా అడగండి, మొహమాటపడకండి. లోపలికి రానివ్వం, అపాయింట్‌మెంట్ తీసుకోండి అంటే అక్కడ చేర్పించకండి.

కూకట్‌పల్లి ఆంటీ:
నేను చిన్న డే కేర్ నడుపుతున్నాను, కాబట్టి ఇటువైపు మాట కూడా వినండమ్మా. మాలో చాలామందికి తనిఖీ కావాలనే ఉంటుంది. ఎందుకంటే నేను ఐదుగురికి ఒక ఆయమ్మని పెట్టి, వాళ్లకి పోలీస్ వెరిఫికేషన్ చేయించి, ఫస్ట్ ఎయిడ్ నేర్పించి ఒక ఫీజు చెప్తే, పక్క వీధిలో ఇరవైమందిని ఒకే గదిలో పెట్టినవాళ్లు అందులో సగానికే చెప్తారు. తల్లిదండ్రులకి బయటి నుంచి రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఎవరో ఒకరు వచ్చి లెక్కపెట్టి, ఇక్కడ ఇంతమందికే అనుమతి అని గేటు మీద రాసి వెళ్తే మాకే మేలు.

సీసీటీవీ విషయంలో వాళ్లు చెప్పింది పూర్తిగా తప్పు కాదు. డైపర్లు మార్చేచోటు అందరి ఫోన్లకీ వెళ్లకూడదు. కానీ ఫుటేజీ ఎన్ని రోజులు దాస్తారు, దెబ్బ తగిలిన రోజు మీరు వచ్చి అడిగితే కూర్చోబెట్టి చూపిస్తారా అన్నదానికి వాళ్ల దగ్గర స్పష్టమైన జవాబు ఉండాలి. అడ్మిషన్ ఫారం మొత్తం చదవండి. "ఏ ప్రమాదానికీ మాది బాధ్యత కాదు" అనే లైను ఉంటే సంతకం పెట్టొద్దు, కొట్టేయమనండి.

దిల్‌సుఖ్‌నగర్ రవి:
తనిఖీలు పెడితే ఏమవుతుందో మనకి తెలియదా? నెలకోసారి ఇన్‌స్పెక్టర్ వస్తాడు, చేయి తడిపితే వెళ్లిపోతాడు, ఆ ఖర్చు కూడా మన ఫీజులోనే కలుస్తుంది. చిన్నవాళ్లు మూసుకుంటారు, పెద్ద చైన్లు మిగులుతాయి. ఇళ్లలో పనిచేసే అమ్మలు పిల్లల్ని ఎక్కడ వదలాలి?

మియాపూర్ హెచ్‌ఆర్:
రవి గారూ, ఆ భయం నాకూ ఉంది. కానీ ఒకటి గుర్తుచేస్తాను. 2022 అక్టోబరులో బంజారాహిల్స్‌లో ఒక స్కూల్లో నాలుగేళ్ల పాప మీద ప్రిన్సిపల్ డ్రైవర్ చేసిన దారుణం బయటపడినప్పుడు ప్రభుత్వం ఆ స్కూల్ గుర్తింపు రద్దు చేయమని ఆదేశించింది. 2023 ఏప్రిల్‌లో కోర్టు అతనికి 20 ఏళ్ల శిక్ష వేసింది. అక్కడ రద్దు చేయడానికి గుర్తింపు అనేది ఒకటి ఉంది. రేపు ఒక డే కేర్‌లో ఏదైనా జరిగితే రద్దు చేయడానికి ఏముంది? బోర్డు మార్చి ఇంకో వీధిలో తెరుస్తారు. లంచాలకి మందు, తనిఖీ రిపోర్టు గేటు దగ్గర అతికించడం, ఆన్‌లైన్‌లో పెట్టడం. పనికెళ్లే అమ్మల కోసం అంగన్‌వాడీలనే క్రెచ్‌లుగా పూర్తి రోజు నడపాలి, కేంద్రం పాల్నా పథకం ఉద్దేశం కూడా అదే. అది మన బస్తీల్లోకి గట్టిగా రావాలి.

నల్లగండ్ల అమ్మ:
అందరికీ చాలా థాంక్స్. ఇంకొక్కటి అడుగుతాను, మనసులో తిరుగుతూనే ఉంది. అన్నీ చూసి చేర్పించాక కూడా ఏదైనా జరిగితే ఎక్కడికి వెళ్లాలి?

నాంపల్లి లాయరు:
కొట్టారని, నిర్లక్ష్యం చేశారని అనుమానం వస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, అత్యవసరమైతే 112. పాప ఒంటి మీద గుర్తులుంటే ముందు డాక్టర్‌కి చూపించి రాయించుకోండి, తేదీ కనిపించేలా ఫోటోలు తీయండి, ఆ రోజు ఫుటేజీ చెరపొద్దని డే కేర్‌కి అదే రోజు వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో రాయండి. నోటితో చెప్తే చాలదు. జువెనైల్ జస్టిస్ చట్టం 2015లో 75వ సెక్షన్ ఇలాంటి వాటికే ఉంది. పిల్లల సంరక్షణ అప్పగించిన సంస్థలో పనిచేసేవాళ్లు గానీ నడిపేవాళ్లు గానీ క్రూరంగా ప్రవర్తిస్తే ఐదేళ్ల వరకు కఠిన కారాగారం, ఐదు లక్షల వరకు జరిమానా. లైసెన్స్ ఉన్నా లేకపోయినా ఈ సెక్షన్ వర్తిస్తుంది. లైంగిక వేధింపు అయితే పోక్సో, అంటే పిల్లల మీద లైంగిక నేరాలకి ఉన్న 2012 చట్టం. విషయం తెలిసీ పోలీసులకి చెప్పకుండా దాచడం కూడా నేరమే, కింద పనిచేసేవాళ్లు చేసినదాన్ని దాస్తే సంస్థ నడిపేవాళ్లకి ఏడాది వరకు జైలు. పాప దగ్గర వాంగ్మూలం ఇంటి దగ్గరే తీసుకోవచ్చు, పోలీసులు యూనిఫాంలో రాకూడదు. పరువు పోతుంది, మనలో మనం సర్దుకుందాం అని డే కేర్ వాళ్లు బతిమాలితే లొంగకండమ్మా.

నల్లగండ్ల అమ్మ:
ఆ కొండాపూర్ వాళ్లకి ఇప్పుడే మెసేజ్ పెట్టాను. మూడేళ్లలోపు పిల్లలు ఎంతమంది, ఆయాలు ఎంతమంది, ఫుటేజీ ఎన్ని రోజులు, మంటలార్పే సిలిండర్ గడువు ఎప్పటిదాకా, అన్నీ అంకెలతో రాసి పంపమన్నాను. రాతలో ఇవ్వకపోతే వేరేచోట చూస్తాం. మా ఆయన సెలవు పెట్టి మధ్యాహ్నం వేళ ఒకసారి వెళ్తానన్నారు. డే కేర్లకి రిజిస్ట్రేషన్, తనిఖీ పెట్టాలని కలెక్టర్ గారికి ఒక అర్జీ ఇద్దామని కూడా ఉంది, మా అపార్ట్‌మెంట్‌లో ఇంకో ముగ్గురు అమ్మలు సంతకం పెడతామన్నారు.

నాంపల్లి లాయరు:
నల్లగండ్ల రంగారెడ్డి జిల్లా కిందకి వస్తుంది, కలెక్టరేట్ కొంగర కలాన్‌లో. సోమవారం అక్కడ అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఇవ్వండి, ఒక కాపీ జిల్లా మహిళా శిశు సంక్షేమ అధికారికి, ఇంకోటి రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కి. రసీదు తప్పకుండా తీసుకోండి. డ్రాఫ్ట్ నేను రాసి ఇక్కడే పెడతాను, ఉప్పల్, కూకట్‌పల్లి వాళ్లు జిల్లా పేరు మార్చి మేడ్చల్‌లో ఇచ్చుకోవచ్చు.