అప్‌డేట్: అమ్మతో హైదరాబాద్ పాతబస్తీలో ఒక్క రోజు

శుక్రవారం ఒక్క రోజే చేతిలో ఉంది, మోకాళ్ల నొప్పులున్న అమ్మతో పాతబస్తీలో ఏం చూడాలి, ఎక్కడ తినాలి అని అడిగాను. సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు. వెళ్లొచ్చాం.

అన్నిటికన్నా పనికొచ్చింది, శుక్రవారం సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్ రెండూ మూసి ఉంటాయన్న ఒక్క వాక్యం. వెంటనే టికెట్లు శనివారానికి మార్చాను. ఆ మాట చెప్పినవారికి చాయ్ బాకీ ఉన్నాను.

పొద్దున్నే చార్మినార్ చేరుకోవాలన్న సూచన కూడా అక్షరాలా నిజమైంది. ఆ వేళకు రద్దీ లేదు. పక్కనే ఉన్న నిమ్రా కేఫ్‌లో నిలబడి ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. చాయ్ మరీ తియ్యగా ఉందంటూనే అమ్మ రెండో కప్పు అడిగింది. చార్మినార్ పైకి మాత్రం ఎక్కలేదు. ఆ ఇరుకు మెలికల మెట్లు మోకాళ్లకు తగవు.

మ్యూజియంలో పన్నెండు గంటలకు ముందే గడియారం దగ్గర చోటు పట్టుకోవాలి. చిన్న బొమ్మ బయటికి వచ్చి పన్నెండు సార్లు గంట కొడుతుంది. అమ్మకు మాత్రం మేలిముసుగు రెబెకా పాలరాతి విగ్రహమే నచ్చింది, దాని ముందు నుంచి కదిలితే కదా.

ఏ హోటల్ బిర్యానీ గొప్పదన్న మీ సుదీర్ఘ చర్చ మాకు అక్కరకు రాలేదు. అమ్మ మాంసం తినదు, ఆ సంగతి ముందే చెప్పకపోవడం నా తప్పే. లాడ్ బజార్‌లో లక్క గాజులు కొన్నాం, బేరం అమ్మే ఆడింది.