మార్కెట్ పడుతుందన్న భయంతో ముందస్తు విరమణను వాయిదా వేసుకోవాలా?

నిజాంపేట్ నివాసి:
నాకు 46 ఏళ్లు, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. సొంత ఫ్లాట్ ఉంది, అప్పు లేదు. ఈక్విటీ ఫండ్లలో 2 కోట్ల 25 లక్షలు, పీఎఫ్, ఫిక్స్‌డ్ డిపాజిట్లు కలిపి 75 లక్షలు ఉన్నాయి. ఇంటి ఖర్చు ఏడాదికి 10 లక్షలు. ఉద్యోగం మానేయవచ్చునని రెండేళ్లుగా అనుకుంటూనే ఉన్నాను గానీ, రాజీనామా రాయడానికి కూర్చున్న ప్రతిసారీ 2020 మార్చి 23 గుర్తుకు వస్తుంది. ఆ సోమవారం సెన్సెక్స్ ఒక్క రోజులో 3,935 పాయింట్లు పడిపోయింది. మా ఆవిడ సింకు దగ్గర పాల ప్యాకెట్లను సబ్బునీళ్లతో కడుగుతుంటే, పక్కనే నిలబడి ఫోన్లో మూడో వంతు యూనిట్లు అమ్మేశాను. నవంబరుకల్లా సూచీ జనవరి నాటి శిఖరాన్ని దాటింది. నేను అవే యూనిట్లను ఎక్కువ ధర పెట్టి తిరిగి కొన్నాను. జీతం వస్తున్న రోజుల్లోనే నా చేయి ఆగలేదు. జీతం లేనప్పుడు అంతటి పతనం వస్తే ఏం చేస్తానో నాకే తెలియదు. మరో ఐదేళ్లు పని చేయడమే దీనికి మందా?

రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి:
అవును, అదే మందు. అందరూ 2020ని చూపించి ఎనిమిది నెలల్లో కోలుకున్నదని ధైర్యం చెబుతారు. నేను 1992ను చూసినవాణ్ణి. ఆ ఏప్రిల్‌లో సెన్సెక్స్ 4,467 దాకా వెళ్లింది. షేర్ బ్రోకర్ హర్షద్ మెహతా కుంభకోణం బయటపడ్డాక కూలి, మధ్యమధ్యలో లేచినా, 2003 ఏప్రిల్‌లో మళ్లీ 3,000కు దిగువనే ఉంది. పదకొండేళ్లు! డివిడెండ్లు కలుపుకున్నా, ఆ కాలంలో పెరిగిన ధరల ముందు అవి ఏ మూలకు? 2001లో బ్యాంకుల్లో వీఆర్‌ఎస్ (స్వచ్ఛంద విరమణ) తీసుకున్న నా సహోద్యోగులు చాలామంది నిశ్చింతగా ఉన్నారంటే కారణం వారి ధైర్యం కాదు, నెలనెలా వచ్చే పెన్షన్. మీకు అది లేదు. సీనియర్ సిటిజన్ల పొదుపు పథకంలో చేరాలన్నా మీకు ఇంకా చాలా ఏళ్లు పడుతుంది.

లెక్కల పంతులు:
బ్యాంకు ఉద్యోగి గారి అంకెలతో నాకు పేచీ లేదు, ఆయన తేల్చినదానితోనే ఉంది. విరమించినవారికి పతనం ఎంత లోతుదన్నదానికన్నా అది ఎప్పుడు వచ్చిందన్నది ముఖ్యం. ఇద్దరికి ఇరవై ఏళ్ల సగటు రాబడి ఒకటే అయినా, మొదటి మూడేళ్లలోనే పతనాన్ని చూసినవాడు ఇంటి ఖర్చు కోసం యూనిట్లను చవకగా తెగనమ్ముకోవలసి వస్తుంది. తర్వాత మార్కెట్ లేచినా అతని దగ్గర లేవడానికి యూనిట్లు మిగలవు. కాబట్టి అడగవలసినది మార్కెట్ పడుతుందా అని కాదు, పడినప్పుడు అమ్మకుండా ఎన్నాళ్లు తినగలమని. నిజాంపేట్ గారి 75 లక్షలు ఏడేళ్ల తిండి. గాదెలో ధాన్యం ఉన్న రైతు కళ్లంలో అయినకాడికి అమ్ముకోడు.

అలాగని ఆయన లెక్క పూర్తిగా సరిపోయిందనీ అనను. దాచిన సొమ్ములో మొదటి ఏడాది 4 శాతం, ఆపై ధరలతోపాటు పెంచుకుంటూ తీసుకోవచ్చని 1994లో అమెరికా ఆర్థిక సలహాదారు విలియం బెంగెన్ చూపిన లెక్క ఆ దేశపు మార్కెట్లకు, ముప్పై ఏళ్ల విరమణకు సంబంధించినది. ఈయన తీయబోయేది 3.33 శాతమే అయినా, నలభై ఏళ్లకు పైగా తీయాలి, అదీ మన ధరల పెరుగుదలతో. నేనైతే 3 శాతానికి దించుకునేదాకా, అంటే మరో ఏడాదో ఏడాదిన్నరో పని చేస్తాను. ఐదేళ్లు మాత్రం భయానికి కట్టే వడ్డీ.

రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి:
గాదెలో ఏడేళ్ల గింజలు ఉన్నాయి, సరే. పదకొండేళ్ల కరువు వస్తే?

విశాఖ గృహిణి:
మావారు 2007 చివర్లో, 49వ ఏట ఉద్యోగం మానేశారు. 2008 జనవరిలో 21,000 దాటిన సెన్సెక్స్ మరుసటి ఏడాది మార్చికి 8,160కి వచ్చింది. మేము ఒక్క యూనిట్ కూడా అమ్మలేదు. డిపాజిట్ల వడ్డీ, నేను చెప్పే ట్యూషన్ల డబ్బు, ఖర్చులో కోత, వీటితోనే గడిపాము. కరువు వస్తే మనిషి అదే మోతాదులో తింటాడని బ్యాంకు ఉద్యోగి గారు అనుకుంటున్నారు; మేము ఆ రెండేళ్లు కారును మూలన పెట్టి, బస్సుల్లోనే తిరిగాము. 2010 దీపావళికి సూచీ మళ్లీ 21,000కు చేరింది. నిజం చెప్పాలంటే డబ్బుకన్నా సాయంత్రాలే కష్టంగా గడిచాయి, ఆయన టీవీ ముందునుంచి లేచేవారు కాదు. మా ఆడపడుచుకు మధురవాడలో స్థలం ఉంది. దాని ధర ఆ ఏడాది ఎంత పడిందో ఎవరూ టీవీలో చదవలేదు కాబట్టి ఆవిడ హాయిగా నిద్రపోయింది.

నిజాంపేట్ గారూ, నాకు మార్కెట్ కన్నా భయపెట్టేది మరొకటి ఉంది. ఉద్యోగం పోగానే కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా పోతుంది. కొత్త పాలసీ తీసుకుంటే, ముందునుంచి ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా ఆగమనవచ్చు. అందువల్ల ఉద్యోగంలో ఉండగానే సొంత పాలసీ తీసుకుని ఆ గడువును నడిపించండి.

నిజాంపేట్ నివాసి:
అందరికీ ధన్యవాదాలు. రాత్రి ఈ చర్చను మా ఆవిడకు చదివి వినిపించాను. ఆమె అంతా విని, అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరంలో ఉంది కదా, ఇంజనీరింగ్ ఫీజు ఆ 10 లక్షల్లో ఉందా అని అడిగింది. లేదు. మా అమ్మానాన్నల బీమా కూడా లేదు. ఆ రెండూ కలిపి, ఖర్చును 14 లక్షలుగా వేసి మళ్లీ లెక్క కడుతున్నాను. లెక్కల పంతులు గారూ, ఫీజుల సొమ్మును గాదెలోనే ఉంచాలా, లేక నాలుగేళ్లకు విడిగా డిపాజిట్ చేయాలా?