తలంబ్రాల మధ్య లెన్స్ కింద పడింది, పిల్లగాడి డబ్బులు పట్టుకోవచ్చా?

ఫ్లాష్‌గాడు (హన్మకొండ):
మొన్న ఆదివారం ఫంక్షన్ హాల్లో పెళ్లి. జీలకర్ర బెల్లం దూరం నుంచి తీసే 70-200 లెన్స్‌తో తీశాను. తలంబ్రాలకు దగ్గరి నుంచి తీసే 24-70 లెన్స్ కావాలని చెయ్యి చాపాను. మా అసిస్టెంట్ పిల్లగాడు అందిస్తుంటే జారి, గ్రానైట్ మీద మూతి కిందికి పడింది. లెన్స్ ముందు బిగించిన యూవీ ఫిల్టర్ గాజు పగిలింది. దాని రింగు సొట్టపోయి ఊడి రావడం లేదు. లోపలి గాజు మీద గీతలైతే కనిపించలేదు కానీ జూమ్ 35 దగ్గర పట్టేస్తోంది. సర్వీసుకు హైదరాబాద్ పంపాలా, ఇట్లాగే నడిపించుకోవచ్చా? ఇంకోటి, పిల్లగాడికి ఇవ్వాల్సిన 1,200 ఇంకా నా దగ్గరే ఉంది. అందులోంచి కొంత పట్టుకోవచ్చా?

ట్రైపాడ్ తాత:
ఫిల్టర్ పెట్టుకున్నావు, బతికిపోయావు. అది లేకుంటే ఆ దెబ్బ లెన్స్‌కే తగిలేది. అందుకే ఎప్పుడూ చెప్తుంటాను.

ఎఫ్ 1.8 (కాజీపేట):
తాతా, మళ్లీ అదే మాట. ఫిల్టర్ గాజు పలచన, చిన్న దెబ్బకే పగులుతుంది. లెన్స్ ముందు గాజు దానికంటే చాలా మందం. ఫిల్టర్ పగిలిందంటే లెన్స్ కూడా పగిలేదని ఎట్లా చెప్తారు? పైగా పగిలిన పెంకులే లెన్స్‌ను గీస్తాయి. పడ్డప్పుడు కాపాడేది హుడ్, లెన్స్ మూతికి ముందు తగిలించే గొట్టం. అన్నా, హుడ్ ఉందా?

ఫ్లాష్‌గాడు:
ఉంది. ముందుకు కాకుండా వెనక్కి తిరగేసి పెట్టి ఉంది.

ఎఫ్ 1.8:
అయిపాయె.

ట్రైపాడ్ తాత:
2002 మేడారం జాతరలో గద్దెల దగ్గర నేను ఫొటోలు తీస్తుంటే, జనం విసిరిన బంగారం గడ్డ సరిగ్గా వచ్చి లెన్స్ మీద పడింది (బయటివాళ్లకు తెలియకపోవచ్చు, అక్కడ బెల్లాన్ని బంగారం అంటారు). ఫిల్టర్ పగిలింది, లెన్స్‌కు ఏమీ కాలేదు. ఆ లెన్స్ ఇప్పటికీ నా బీరువాలో ఉంది. నువ్వప్పుడు పుట్టావో లేదో.

ఎఫ్ 1.8:
పుట్టాను. దుమ్ముకు, జిగటకు, తడికి ఫిల్టర్ మంచిదే, నేనూ ఒప్పుకుంటాను. గ్రానైట్ మీద పడడం వేరు. రింగు సొట్టపోయిందంటే ఆ దెబ్బ లోపలి గాజుల దాకా పోయి ఉంటుంది. జూమ్ పట్టేయడం అందుకే. దాన్ని ఫిల్టర్ ఆపిందా?

మానుకోట పిల్లగాడు:
మీరిద్దరూ ఆగండి. అన్నా, ముందు ఆ గాజును బట్టతో తుడవకు. లెన్స్ మూతి కిందికి పెట్టి బ్లోయర్‌తో ఊది, పెంకులన్నీ రాల్చెయ్యి. రింగును ప్లయర్‌తో లాగొద్దు, లెన్స్ మర పాడైతది. తర్వాత గోడకు న్యూస్‌పేపర్ అంటించి, కెమెరా ట్రైపాడ్ మీద ఎదురుగా తిన్నగా పెట్టి, అపర్చర్ (లెన్స్ లోపల వెలుతురు వచ్చే రంధ్రం) 2.8లో ఒకటి, 8లో ఒకటి తియ్యి. నాలుగు మూలల్లో అక్షరాలు చూడు. ఒక్క మూలే మసకగా ఉంటే గాజు పక్కకు జరిగినట్టు. అప్పుడు సర్వీసు తప్పదు.

నర్సంపేట నీడ:
సామాన్లకు ఇన్సూరెన్స్ లేదా?

ఫ్లాష్‌గాడు:
లేదు. పేపర్ టెస్ట్ చేశాను. పైన కుడి మూల 2.8లో మసక. 8లో కొంచెం నయం. పంపక తప్పేటట్టు లేదు. మరి 1,200 సంగతి ఎవరూ చెప్పలేదు.

ట్రైపాడ్ తాత:
మొత్తం పట్టుకో. రిపేరుకు అది ఏ మూలకూ చాలదు గానీ, పిల్లలకు భయం ఉంటది. మా గురువు దగ్గర మేము ఇట్లాగే నేర్చుకున్నాం.

మానుకోట పిల్లగాడు:
మీరు నేర్చుకున్నది అదేనా తాతా? నేను లైట్ పట్టినప్పుడు 50 ఎం.ఎం. ప్లాస్టిక్ లెన్స్ ఒకటి నా చేతిలోంచి పడింది. మాఘమాసం పెళ్లిళ్లన్నిటికీ ఓనరు నా కూలి పట్టుకున్నాడు. ఆ డబ్బుతో అట్లాంటి లెన్సులు రెండు వచ్చేవి. ఆ లెన్స్ మాత్రం సెల్లోటేపు వేసుకుని వాడుతూనే ఉన్నాడు. ఇంట్లో ఏం చెప్పాలో తెలియక మానుకోట బస్టాండులో రాత్రి పది దాకా కూర్చున్నాను. భయం అంటే అది.

ట్రైపాడ్ తాత:
నీ ఓనరు చేసిందానికి నన్నంటవేంది? 40 ఏళ్ల నుంచి స్టూడియో నడుపుతున్నా. చేజారినోడే కట్టాలె. లేకుంటే ఎవడూ జాగ్రత్తగా పట్టుకోడు.

ఎఫ్ 1.8:
ఈ ఒక్కదాంట్లో తాతతోనే ఉన్నాను. కొంతైనా పట్టుకోవాలి.

మానుకోట పిల్లగాడు:
చేజారినోడు ఎవడో ముందు తేల్చండి. అన్నా, సూటిగా అడుగుతున్నా. వాడు అందించేటప్పుడు నువ్వు వాడి వైపు చూశావా?

(ఆ రోజు జవాబు రాలేదు.)

ఫ్లాష్‌గాడు:
లేదు. కన్ను వ్యూఫైండర్‌లోనే ఉంది. పెళ్లికూతురు పళ్లెం ఎత్తింది, ఆ ఫ్రేమ్ మళ్లీ దొరకదని చెయ్యి మాత్రం వెనక్కి చాపాను. వాడు పెట్టాడు, నేను పట్టుకున్నాననే అనుకున్నాడు. వాడి కాళ్ల కింద బియ్యం ఉన్న మాట కూడా నిజమే. రెండో కెమెరా బాడీ ఉంటే ఈ మార్పిడే ఉండేది కాదు. పోయిన సీజన్‌లో కొందామనుకుని డ్రోన్ కొన్నాను.

ఎఫ్ 1.8:
ఇది మొదటి రోజే రాయాల్సింది అన్నా. నేనైతే నా మాట వెనక్కి తీసుకుంటున్నా.

ట్రైపాడ్ తాత:
లెన్స్ ఇచ్చేటప్పుడు ‘పట్టుకున్నా’ అని నోటితో అనాలి, అప్పుడే అవతలివాడు వదలాలి. మా దగ్గర అదే పద్ధతి. నువ్వు అనలేదు. సరే, సగం పట్టుకో.

మానుకోట పిల్లగాడు:
సగం ఎందుకు?

ట్రైపాడ్ తాత:
‘పట్టుకున్నావా’ అని వాడు మాత్రం అడగొద్దా?

ఫ్లాష్‌గాడు:
ఇవాళ వాడికి మూడుసార్లు ఫోన్ చేశాను, ఎత్తడం లేదు. గురువారం ములుగులో రిసెప్షన్ ఉంది.

మానుకోట పిల్లగాడు:
ముందు 1,200 ఫోన్‌పేలో పంపు. తర్వాత ఫోన్ చెయ్యి.