సీట్ల వెనక ఇంజిన్ ఉన్న పాత ఫియట్‌లో పెద్ద ఇంజిన్: చెన్నైలో ఎవరైనా చేశారా?

పెరంబూరు కుర్రోడు:

అందరికీ నమస్కారం. మాది నాయుడుపేట, ఉద్యోగం చెన్నైలో. మా మావయ్య దగ్గర 1974 ఫియట్ ఎక్స్1/9 ఉండేది. ఎప్పుడో ఎంబసీ వాళ్ళ బళ్ళు వేలం వేస్తే కొన్నారట. లెఫ్ట్ హ్యాండ్ డ్రైవ్, రెండే సీట్లు, పైకప్పు ఊడదీసి ముందు డిక్కీలో పెట్టుకోవచ్చు. ఏళ్ళ తరబడి టార్పాలిన్ కింద పడి ఉంటే, "బాగుచేసుకుంటానంటే తోలుకుపోరా" అన్నారు. లారీ మీద తెచ్చేశాను.

ఇంజిన్ 1290 సీసీ, నాలుగు గేర్లు. స్టార్ట్ అవుతోంది గానీ నీలం పొగ కొడుతోంది. ఎలాగూ దించాల్సిందే కదా, దించినప్పుడే పెద్దది ఎక్కిస్తే పోలా అని ఆలోచన. పుదుపేట పాత బళ్ళ స్పేర్ల బజార్లో హోండా సీఆర్‌వీ 2.4 ఇంజిన్ ఒకటి చూశాను. ఫియట్ లీనియా టీజెట్ (టర్బో పెట్రోలు) ఇంజిన్ కూడా వస్తుందంటున్నారు. మెకానిక్ అయితే "ఇంజిన్ తెచ్చి పడేయండి సార్, నెలలో చేసిచ్చేస్తా" అంటున్నాడు. బడ్జెట్ మూడు లక్షలు. ఆదివారాలు ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద మహాబలిపురం దాకా వెళ్ళి రావాలి, అంతే నా కోరిక. ఏది పెట్టమంటారు?

తడ రోడ్డు:

ముందు ఆ నెల రోజుల మెకానిక్‌ని మార్చండి బ్రో 😀

ఫియట్ పిచ్చి:

టీజెట్ పెట్టండి, ఆలోచించకండి. 1368 సీసీ, 114 హార్స్‌పవర్. మీ పాతదాని శక్తి 75. పైగా ఫియట్‌లో ఫియట్ ఇంజిన్, ఆ తృప్తే వేరు. సీసీ చూసి మోసపోవద్దు. ఇదే కారుకి 1970ల చివర్లో కంపెనీయే 1498 సీసీ ఇంజిన్, అయిదు గేర్ల బాక్సు ఇచ్చింది. దాని పవర్ 85. అంటే దానికన్నా చిన్న టీజెట్, ఇంజిన్‌లోకి ఎక్కువ గాలి నెట్టే టర్బో పుణ్యమా అని దాన్ని దాటేస్తుంది.

కే సిరీస్ కుమార్:

టర్బో ఎందుకు అన్నా? ఆ సీఆర్‌వీ ఇంజినే, అంటే హోండా కే24 పెట్టు. 2354 సీసీ, ఊరికే 160 దాకా ఇస్తుంది. అమెరికాలో ఎక్స్1/9 వాళ్ళు ఎంతమంది హోండా కే సిరీస్ ఎక్కించారో చూడు.

గిండీ లేత్:

తమ్ముడూ, నాకు గిండీ ఎస్టేట్‌లో చిన్న లేత్ షాపు ఉంది. పాత మారుతి ఎస్టీమ్ 1.3 ఇంజిన్‌ని సీట్ల వెనక పెట్టి, పైపు ఫ్రేముతో ట్రాక్ బండి ఒకటి సొంతంగా కట్టుకున్నాను. అందులో చేసిన తప్పులన్నీ నావే, అందుకే చెప్పగలను.

మొదట ఒక ఊరట. ఇంజిన్ అడ్డంగా ఉండి ముందు చక్రాలని తిప్పే బండి నుంచి ఇంజిన్, గేర్‌బాక్సు జంటగా ఎత్తి సీట్ల వెనక పెట్టడం పెద్ద వింతేం కాదు. మీ ఎక్స్1/9 పుట్టిందే అలా. ఫియట్ 128 సరంజామా తీసి వెనక్కి జరిపారు. టొయోటా ఎమ్మార్2 కూడా అదే దారి. కాబట్టి ఏది తెచ్చినా ఇంజిన్, గేర్‌బాక్సు, ఈసీఎం (ఇంజిన్ కంప్యూటర్), వైరింగ్, యాక్సిలరేటర్ పెడల్, తాళంచెవి అన్నీ ఒకే బండివి తెచ్చుకోండి. విడివిడిగా ఏరుకొస్తే, సరైన తాళంచెవి కాకపోతే ఇంజిన్‌ని ఆపేసే ఇమ్మొబిలైజర్ దగ్గర ఆగిపోతారు. ఇంజిన్ తిరుగుతుంది, స్టార్ట్ మాత్రం కాదు.

కే24 విషయం. హోండాదే 2.0 ఇంజిన్ కే20 కన్నా దాని బ్లాక్ 19.5 మిల్లీమీటర్లు ఎత్తు. అమెరికాలో కే20 పెట్టినవాళ్ళూ ఉన్నారు. ఆ రెండు సెంటీమీటర్లు మీ వెనక మూత కింద ఉన్నాయో లేదో ముందు కొలవాలి. ఇంకోటి, సీఆర్‌వీ ఇంజిన్ నాలుగు చక్రాలనీ తిప్పే బండి (ఫోర్ వీల్ డ్రైవ్). దాని గేర్‌బాక్సుకి వెనక చక్రాలకి పోయే ట్రాన్స్‌ఫర్ కేసు అతుక్కుని ఉంటుంది. మీకు కావాల్సింది అకార్డ్ 2.4 మాన్యువల్ గేర్‌బాక్సు. పుదుపేటలో ఆటోమేటిక్‌లు చాలా దొరుకుతాయి, మాన్యువల్ కోసం ఓపిక కావాలి.

యాక్సిళ్ళు మూడో తలనొప్పి. లోపలి వైపు జాయింటు కొత్త గేర్‌బాక్సుది, బయటి వైపు మీ పాత హబ్‌ది, మధ్య రాడ్డు కొత్తగా చేయించాలి. ఈఎన్24 అనే గట్టి ఉక్కు రౌండు తెచ్చి, చివర్లలో స్ప్లైన్లు (పళ్ళు) కోయించి, హీట్ ట్రీట్‌మెంట్ చేయించాలి. నేను మొదటిసారి పాత రాడ్డునే కోసి మధ్యలో వెల్డింగ్ పెట్టాను. ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో రెండో ల్యాప్‌లోనే తెగింది. బండి తాడుతో లాక్కొచ్చారు. ఇంజిన్ కాస్త వాలినా, పక్కకి జరిగినా జాయింటు కోణం పెరుగుతుంది, అప్పుడు గట్టి రాడ్డు వేసినా జాయింటు మీది రబ్బరు బూట్లు చిరుగుతాయి, జాయింట్లు అరుగుతాయి.

ఇవన్నీ డబ్బు, ఓపిక ఉంటే అయ్యే పనులు. అసలు చిక్కు వేడి. దాని గురించి రాత్రికి రాస్తాను, షాపు కట్టే టైమయింది.

తడ రోడ్డు:

ఈలోపు కాగితాల సంగతి నేను చెప్తా. ఆర్టీవో పనుల్లో తిరిగేవాణ్ణి.

మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52. ఆర్‌సీలో ఉన్న వివరాలు, తయారీదారు మొదట ఇచ్చిన వివరాలతో తేడా పడేలా బండిని మార్చకూడదు. సీఎన్‌జీ, బ్యాటరీ లాంటి వాటికి ఆమోదం ఉన్న కిట్లతో మినహాయింపు ఉంది. పెట్రోలు తీసి పెద్ద పెట్రోలు ఇంజిన్ పెట్టడానికి ఆ మినహాయింపు వర్తించదు. 2019 జనవరిలో కేరళ కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే ఖరాఖండిగా చెప్పింది. అదే ఏడాది చట్టం మార్చి సెక్షన్ 182ఏ పెట్టారు. ఓనరుకి ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. అదే రకం ఇంజిన్ మార్చుకుంటే మాత్రం ముందే అనుమతి తీసుకుని కొత్త ఇంజిన్ నంబరు ఆర్‌సీలో ఎక్కించుకోవచ్చు.

ఫైను పోతే పోయింది అనుకోవచ్చు. ఈసీఆర్‌లో ఎవరినైనా గుద్దితే? ఇంజిన్ నంబరు వేరు, సీసీ వేరు అని ఇన్సూరెన్సు వాళ్ళు చేతులెత్తేస్తే మావయ్య పొలం అమ్మాల్సి వస్తుంది.

ఇంకో మాట ఎవరూ అనలేదు. మీది 1974 బండి, 50 ఏళ్ళు దాటింది. 2021లో వచ్చిన రూల్ ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషన్‌కి అర్హత ఉంది. 20,000 ఫీజు, పదేళ్ళ గడువు, నంబరులో వీఏ అని వస్తుంది. కానీ చాసీ, బాడీ, ఇంజిన్ అసలు రూపంలోనే ఉండాలి. హోండా ఇంజిన్ పడిన రోజున ఆ అర్హత పోతుంది. అయితే వింటేజ్ నంబరుతో రోజూ తిరగడానికి ఒప్పుకోరు. ర్యాలీలు, ప్రదర్శనలు, పెట్రోలు, రిపేరు, అంతే. మీ ఆదివారం షికారుకి అది పనికిరాదు. మామూలు ఆర్‌సీ బతికి ఉందా, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఎప్పటిదాకా ఉంది, ముందు చూసుకోండి.

ఫియట్ పిచ్చి:

ఊళ్ళో అందరూ చేయిస్తూనే ఉన్నారుగా అన్నా, ఎవరిని పట్టుకున్నారు?

తడ రోడ్డు:

పట్టుకోనంతవరకూ అందరం మంచోళ్ళమే.

గిండీ లేత్:

వేడి సంగతి.

ముందు ఇంజిన్ ఉన్న బండిలో రేడియేటర్ ఎదురుగానే ఉంటుంది, ఇంజిన్‌కి గాలి అదే తగులుతుంది. మీదాంట్లో రేడియేటర్ ముక్కు దగ్గర, ఇంజిన్ వీపు వెనక. మధ్యలో పొడుగాటి ఇనప పైపులు కారు కింద నుంచి పోతాయి. పది లీటర్లకు పైనే నీళ్ళు. ఆ పైపుల్లో ఎక్కడ గాలి బుడగ నిలిచినా నీళ్ళు తిరగవు. గేజీ మాత్రం మామూలుగానే ఉంటుంది, ఎందుకంటే సెన్సారు దగ్గర నీళ్ళే ఉండవు. నేను రేడియేటర్ పైన గాలి వదిలే స్క్రూ పెట్టకుండా ట్రాక్‌కి వెళ్ళి హెడ్ గాస్కెట్ కాల్చుకున్నాను. మీ కారుకి కంపెనీయే ఆ స్క్రూ ఇచ్చింది, యాభై ఏళ్ళలో ఎవరైనా విప్పారో లేదో.

ఒక అపోహ కూడా ఉంది. పెద్ద ఇంజిన్ పెడితే ట్రాఫిక్‌లో ఉడికిపోతుందంటారు. కత్తిపారా దగ్గర ఐడిల్‌లో నిలబడ్డ 75 పవర్ ఇంజిన్‌కీ 160కీ నీళ్ళలోకి పోయే వేడిలో అంత తేడా రాదు. తేడా కొట్టేది ఖాళీ రోడ్డు మీద కాలు పూర్తిగా అదిమినప్పుడు. ట్రాఫిక్‌లో బాధ వేరు. ఇంజిన్ గదిలోకి గాలి కదలదు. టర్బో, ఎగ్జాస్ట్ కలిసి ఆ గదిని కొలిమి చేస్తాయి. గోడకి ఇవతలే, సీటు వెనకాల, పెట్రోలు ట్యాంకు! అందుకే టర్బో పెడితే ట్యాంకు వైపు గోడకి హీట్ షీల్డు, గదిలోంచి వేడి లాగే ఫ్యాను, స్విచ్ ఆపాక కూడా కొన్ని నిమిషాలు అది తిరిగేలా టైమరు, సీటు పక్కన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ తప్పనిసరి. టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ ఎక్కడ పెడతావు? వెనక గాలి తగిలే చోటు లేదు. టొయోటా వాళ్ళు రెండో తరం ఎమ్మార్2 టర్బోలో పక్క రంధ్రం దగ్గర పెట్టి దానికో ఫ్యాను ఇచ్చారు. కంపెనీకే తప్పలేదు.

పెట్రోలు లైన్లు కూడా. మీ కార్బురేటర్‌కి పంపు ఇచ్చే ఒత్తిడి ఇంజెక్షన్ ఇంజిన్‌కి ఏ మూలకీ చాలదు. దానికి మూడు బార్ పైన కావాలి. ట్యాంకు నుంచి లైను, ఫిల్టరు, పంపు అన్నీ మారాలి. ఇప్పుడొచ్చే పెట్రోల్లో 20 శాతం ఇథనాల్. అప్పటి రబ్బరు గొట్టాలు దాన్ని తట్టుకోవు, మెత్తబడి కారతాయి. ఇంజిన్ మార్చినా మార్చకపోయినా ఈ గొట్టాలు మాత్రం ఈ వారమే మార్చండి.

ఆఖరిది, కే కుమార్ గారికి. స్పోర్ట్స్ కార్లు చేసే లోటస్ వాళ్ళు 1.8 ఇంజిన్ ఉన్న ఎక్సీజ్‌లో టొయోటా 3.5 వీ6 పెట్టాలనుకున్నప్పుడు చక్రాల మధ్య దూరం 70 మిల్లీమీటర్లు పెంచారు. బండి కట్టినవాళ్ళే ఇంజిన్‌కి తగ్గట్టు బండిని సాగదీశారు. మనం పుదుపేటలో కొన్న ఇంజిన్‌కి తగ్గట్టు ఏం సాగదీస్తాం? వెనక బరువు పెరిగిన బండి మలుపులో సడన్‌గా యాక్సిలరేటర్ వదిలితే తోక ముందుకొస్తుంది. వర్షాకాలం ఈసీఆర్‌లో అది నేర్చుకోకూడదు.

కే సిరీస్ కుమార్:

ఒప్పుకుంటున్నా అన్నా. నేను ఫోటోలు చూశాను గానీ ఎవరూ ట్యాంకు ఫోటో పెట్టలేదు.

పెరంబూరు కుర్రోడు:

అందరికీ థాంక్స్. టెన్షన్ పెట్టేశారు గానీ మంచిదే. మామూలు ఆర్‌సీ ఉంది, రెన్యువల్ కూడా పూర్తయింది. నిన్న బండి కింద దూరి నీళ్ళ పైపులు విప్పాను. ఒకదాంట్లోంచి గుప్పెడు తుప్పు పొరలు రాలాయి. రెండోది వేలితో నొక్కితే లోపలికి పోయింది. వెనక సస్పెన్షన్ బిగించే చోట ఒక పక్క రేకు కూడా పుచ్చింది. దీని మీద 160 పవర్ పెట్టి ఉంటే ఏమయ్యేదో.

అయితే ఒక అనుమానం. ఉన్న 1290నే బాగు చేయిస్తే ఎంతవరకు ఫలితం ఉంటుంది? మరీ చప్పగా ఉంటుందా?

గిండీ లేత్:

మొత్తం బండి దాదాపు 900 కిలోలు. 75 పవర్ ఆరోగ్యంగా ఉంటే మహాబలిపురం దాకా నవ్వుతూనే వెళ్తారు. అది నిమిషానికి ఆరు వేలు తిరగడానికి పుట్టిన ఇంజిన్, బోర్ (సిలిండర్ వెడల్పు) 86 మిల్లీమీటర్లు, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 55.5 మాత్రమే. తిప్పకుండా తోలితేనే చప్పగా ఉంటుంది. మావయ్య అంబాసిడర్ తోలినట్టు తోలి ఉంటారు, తప్పుగా అనుకోవద్దు.

వరస ఇలా పెట్టుకోండి. ముందు ఆ రేకు పని, మంచి టింకర్‌తో. తర్వాత స్టెయిన్‌లెస్ నీళ్ళ పైపులు కొత్తవి, రేడియేటర్ కోర్, కొత్త ఫ్యాను. తర్వాత బ్రేకులు, నాలుగు చక్రాలకీ డిస్కులే కాబట్టి క్యాలిపర్లు విప్పి సీళ్ళు మార్చడమే. పెట్రోలు గొట్టాలు. చివరగా ఇంజిన్. ఈ పనులన్నీ రేపు మీరు టీజెట్ పెట్టాలనుకున్నా చేయాల్సినవే, వృథా పోవు. ఏ బ్రాకెట్టూ కోయవద్దు, పారేయవద్దు.

ట్రాక్ మోజు తీరకపోతే దానికి వేరే బండి కట్టుకోండి, నా ట్రెయిలరు ఇస్తాను.

ఫియట్ పిచ్చి:

టీజెట్ మీద ఆశ చచ్చిపోలేదు నాకు. సరే, పిస్టన్లు ఎక్కడ తెస్తారు?

గిండీ లేత్:

అప్పటి ఫియట్ పిస్టన్లకి అరిగిన సిలిండర్‌ని పెద్దది చేసినప్పుడు వేసే 0.2, 0.4, 0.6 మిల్లీమీటర్ల ఓవర్‌సైజులు ఉండేవి. ఇటలీ, ఇంగ్లండ్ నుంచి తెప్పించుకోవాలి. ఆర్డరు పెట్టేముందు బోర్ కొలవాలి. కొలవకుండా కొంటే రెండుసార్లు కస్టమ్స్ కడతారు. జనరల్ ప్యాటర్స్ రోడ్డులో రింగులు దొరుకుతాయని ఎవరైనా చెప్తే పాత రింగు చేతిలో పట్టుకుని వెళ్ళండి, నోటిమాట మీద కొనొద్దు.

ఇంజిన్ దించేది పైనుంచి కాదు, కింద నుంచి. వెనక భాగం బాగా ఎత్తి గట్టి స్టాండ్లు వేయండి, ఒక్క జాకీ మీద నమ్మకం పెట్టుకుని కింద దూరొద్దు.

పెరంబూరు కుర్రోడు:

వచ్చే ఆదివారం దింపుతున్నాం అన్నా. తమ్ముణ్ణి పిలిచాను. బ్లాక్ మీ దగ్గరికి తెస్తే కొలుస్తారా?

గిండీ లేత్:

తీసుకురండి, బోర్ గేజీ నా దగ్గరే ఉంది. డీజిల్‌తో కడిగి, తుడిచి తెండి. గ్రీజుతో తెస్తే గుమ్మం బయటే కూర్చోబెడతా, బ్లాక్‌నీ మిమ్మల్నీ.