పాఠ్యపుస్తకాల సలహా కమిటీలో తల్లిదండ్రుల మాటకు విలువ ఉంటుందా?

ప్రశ్న: ఆరో తరగతి అబ్బాయి తల్లి, కాలిఫోర్నియా

అందరికీ నమస్కారం. మేము బే ఏరియాకు తూర్పున ఒక ఊళ్లో ఉంటున్నాము. మా స్కూల్ డిస్ట్రిక్ట్ (ఈ ప్రాంతంలోని ప్రభుత్వ బడులను నడిపే సంస్థ) మిడిల్ స్కూల్ గణితానికి కొత్త పాఠ్యపుస్తకాలను ఎంచుకోబోతోందనీ, ఆ పనిలో సలహా ఇచ్చే కమిటీకి తల్లిదండ్రుల నుంచీ స్థానికుల నుంచీ వాలంటీర్లు కావాలనీ గత వారం ఈమెయిల్ వచ్చింది. దరఖాస్తు చేయాలని ఉంది. అయితే నేను చదువుకున్నదంతా తెనాలిలో. ఇక్కడి చదువు గురించి మా అబ్బాయి హోంవర్కు ద్వారా తెలిసినదే తప్ప నాకు వేరే అనుభవం లేదు. పైగా కమిటీ సలహా మాత్రమే ఇస్తుందనీ, తుది నిర్ణయం డిస్ట్రిక్ట్‌ను నడిపే ఎన్నికైన బోర్డుదేననీ ఆ ఈమెయిల్‌లోనే రాశారు. అధికారులు ముందే ఒక పుస్తకాన్ని అనుకుని, తరువాత మమ్మల్ని కూర్చోబెట్టి అవుననిపించుకుంటారేమోనన్న అనుమానం నన్ను వదలడం లేదు. ఇటువంటి కమిటీలలో పనిచేసినవారు ఉంటే, అక్కడ నిజంగా ఏం జరుగుతుందో చెప్పగలరా?

జవాబు: నాలుగేళ్లు కమిటీలో ఉన్న తండ్రి

మీ అనుమానం అకారణమైనది కాదండీ. చేరినప్పుడు నాకూ అదే అనుమానం ఉండేది. ముందు చట్టం ఏమంటుందో చూద్దాం. కాలిఫోర్నియా విద్యా చట్టంలోని 60002వ సెక్షన్ ప్రకారం, పుస్తకాల ఎంపికలో టీచర్లకు గణనీయమైన పాత్ర ఉండేలా ప్రతి బోర్డూ ఏర్పాటు చేయాలి, తల్లిదండ్రులూ స్థానికులూ పాల్గొనేలా ప్రోత్సహించాలి. టీచర్ల విషయంలో ‘ఏర్పాటు చేయాలి’ అనీ, మన విషయంలో ‘ప్రోత్సహించాలి’ అనీ ఉన్న తేడాను గమనించండి. ఎనిమిదో తరగతి వరకు రాష్ట్ర బోర్డు ఆమోదించిన జాబితా ఒకటి ఉంటుంది. ఆ జాబితాలో లేని పుస్తకాన్ని తీసుకోదలిస్తే, పరిశీలించేవారిలో ఎక్కువమంది ఆ సబ్జెక్టునో ఆ తరగతినో బోధించే టీచర్లే అయి ఉండాలి. కాబట్టి ఏ పుస్తకం నెగ్గాలో మీరు నిర్ణయిస్తారని ఆశపడవద్దు.

మరి మన మాట ఎక్కడ పనికొస్తుంది? నా అనుభవమే చెబుతాను. మా దగ్గర రెండు పుస్తకాలను కొందరు టీచర్లు ఒక సెమిస్టర్ పాటు తరగతిలో వాడి చూశారు. తల్లిదండ్రులు రాసిన అభిప్రాయాల్లో ‘ఇది బాగుంది’, ‘ఇందులో లెక్కలు తక్కువ’ వంటివే ఎక్కువ. నేను మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, భిన్నాన్ని భిన్నంతో భాగించే అధ్యాయాన్ని రెండు పుస్తకాల్లోనూ మొదటి నుంచి చివరి వరకు చదివాను. వాటిలో ఒకదానిలో హోంవర్కు పేజీలన్నీ ఆ రోజు తరగతిలో జరిగిన చర్చ మీద ఆధారపడి ఉన్నాయి. జ్వరమొచ్చి బడి మానేసిన పిల్లకు గానీ, ఇంట్లో చెప్పబోయే తల్లికి గానీ ఆ పేజీలను అర్థం చేసుకునే దారి ఆ పుస్తకంలో లేదు. పేజీ సంఖ్యలతో సహా ఒకటిన్నర పేజీ రాసి ఇచ్చాను. చివరికి నేను వద్దన్న పుస్తకాన్నే తీసుకున్నారు. అయితే ప్రతి అధ్యాయానికీ ఇంట్లో చదువుకునేందుకు వీలైన వివరణలను కుటుంబాలకు ఇవ్వాలన్న షరతును టీచర్లే తమ సిఫారసులో చేర్చారు, బోర్డు దానిని ఆమోదించింది. ఆ షరతుకు మూలం నా కాగితమేనని టీచర్లే చెప్పారు. నా దృష్టిలో అది ఓటమి కాదు.

మరొక్క విషయం మన తెలుగువాళ్లు ముఖ్యంగా గుర్తుంచుకోవాలి. బోర్డు తీర్మానంతో ఏర్పడిన కమిటీకి సాధారణంగా బ్రౌన్ చట్టం, అంటే స్థానిక ప్రభుత్వ సంస్థల సమావేశాలు బహిరంగంగా జరగాలన్న కాలిఫోర్నియా చట్టం, వర్తిస్తుంది. సాధారణ సమావేశానికి 72 గంటల ముందే అజెండాను బహిరంగంగా పెట్టాలి, వచ్చినవారికి మాట్లాడే అవకాశం ఇవ్వాలి. కమిటీ పరిధిలోని విషయాన్ని సభ్యులలో సగానికి మించి బయట చర్చించుకోకూడదు, వాట్సాప్ గ్రూపులో ఒకరి తరువాత ఒకరు రాసుకున్నా అది తప్పే. మంచి ఉద్దేశంతోనే అటువంటి గ్రూపు పెట్టి ఇబ్బంది పడినవాళ్లను చూశాను. కమిటీని బోర్డు వేసిందో సూపరింటెండెంట్ (డిస్ట్రిక్ట్ ముఖ్య అధికారి) సొంతంగా వేశారో మొదటి రోజే అడిగి తెలుసుకోండి, ఎందుకంటే నియమాలు దాన్నిబట్టి మారుతాయి.

జవాబు: మిడిల్ స్కూల్ గణితం టీచరు

పై జవాబుతో చాలావరకు ఏకీభవిస్తున్నాను. బల్లకు ఇవతలి వైపు నుంచి నేనొక మాట చేర్చాలి. మన తల్లిదండ్రుల్లో చాలామంది కమిటీకి వచ్చి ‘మా చిన్నప్పుడు ఎక్కాలు నోటికి వచ్చేవి, ఇక్కడ లెక్కల వేగం చాలదు’ అని మొదలుపెడతారు. ఆ ఆవేదన నాకు అర్థమవుతుంది, ఎందుకంటే నేనూ అలాగే చదువుకున్నాను. కానీ ఆ మాటతో మిగతావారు మిమ్మల్ని సొంత పిల్లల కోసమే వచ్చినవారిగా చూడడం మొదలుపెడతారు. అందుకు బదులు ‘వెనకబడిన పిల్లవాడు మూడో వారంలో ఈ పుస్తకంతో ఎలా కోలుకుంటాడు?’ అని అడగండి. మీ అబ్బాయిది కాని అవసరం గురించి మీరు అడిగిన ఆ ఒక్క ప్రశ్నతో టీచర్లు మీ మాట వినడం మొదలుపెడతారు.

ఎనిమిదో తరగతిలో ఆల్జీబ్రా ఇవ్వాలా వద్దా అన్న వివాదాన్ని మాత్రం ఈ కమిటీలోకి తేవద్దు. అది పుస్తకం సంగతి కాదు, కోర్సుల విధానం సంగతి. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2014లో ఎనిమిదో తరగతి ఆల్జీబ్రాను తీసేసిన తరువాత ఎన్నేళ్లు వాదోపవాదాలు నడిచాయో మీకు తెలిసే ఉంటుంది. తొమ్మిదో తరగతిలో పిల్లలను ఏ గణితం కోర్సులో చేర్చాలన్న విషయానికి 2015 నాటి చట్టం ఒకటి ఉంది. ఒకే పరీక్ష మీద ఆధారపడకుండా నిష్పక్షపాతమైన విధానం ఉండాలనీ, స్కూలు తెరిచిన మొదటి నెలలోనే ఒకసారి సరిచూడాలనీ, తల్లిదండ్రులు అభ్యంతరం చెప్పుకునే దారి ఉండాలనీ అది చెబుతుంది. ఆ విధానంలో లోపం కనిపిస్తే నేరుగా బోర్డు సమావేశంలో మాట్లాడండి.

జవాబు: ఇద్దరు పిల్లల తల్లి

పుస్తకాల కమిటీలో చోటు దొరకకపోతే నిరాశ పడకండి. బడిలో చేర్చేటప్పుడు ఇంటి భాష తెలుగు అని రాసినందుకు మా పెద్దవాడికి ఇంగ్లీషు పరీక్ష పెట్టి, ఇంగ్లీషు నేర్చుకుంటున్న విద్యార్థుల జాబితాలో చేర్చారు. మొదట బాధపడ్డాను. అయితే అటువంటి విద్యార్థులు 51 మంది గానీ అంతకు మించి గానీ ఉన్న ప్రతి డిస్ట్రిక్ట్‌లోనూ వారి తల్లిదండ్రుల సలహా కమిటీ ఉండాలన్న నియమం వల్ల నాకు అక్కడ చోటు దొరికింది. డిస్ట్రిక్ట్ ఖర్చుల ప్రణాళిక మీద తల్లిదండ్రుల కమిటీలు చేసే వ్యాఖ్యలకు సూపరింటెండెంట్ రాతపూర్వకంగా జవాబివ్వాలి. రాతలో వచ్చిన జవాబును మరుసటి ఏడాది చేత్తో పట్టుకుని వెళ్లి అడగవచ్చు.

జవాబు: టెక్సాస్ నుంచి

ఇక్కడ ఆరోగ్య విద్యకు సంబంధించి ప్రతి డిస్ట్రిక్ట్‌లోనూ ఒక సలహా మండలి ఉండాలి. కనీసం ఐదుగురు సభ్యులు, వారిలో ఎక్కువమంది డిస్ట్రిక్ట్ ఉద్యోగులు కాని తల్లిదండ్రులు, ఏడాదికి కనీసం నాలుగు సమావేశాలు. మనకే మెజారిటీ ఉన్నా, ఇక్కడ కూడా చివరి ఓటు బోర్డుదే.

జవాబు: విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు

అమ్మా, నేను గుంటూరు జిల్లాలో ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో పనిచేసి, ప్రస్తుతం మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. మన దగ్గర 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలై ఉండాలి. మా కమిటీలోని తల్లులు మధ్యాహ్న భోజనం గురించి, మరుగుదొడ్ల గురించి, పిల్లల హాజరు గురించి ఎంతో పట్టుదలగా అడిగేవారు. కానీ పాఠ్యపుస్తకం రాష్ట్రస్థాయిలో తయారై వస్తుంది కనుక, ఈ పాఠం ఎందుకు పెట్టారని నన్ను అడిగిన తల్లి నా సర్వీసులో ఒక్కరూ లేరు. అడిగినా నేను ఎవరికి చెప్పగలిగేవాణ్ణి? పోయిన నెల మా అమ్మాయితో కలిసి ఇక్కడి బోర్డు సమావేశానికి వెళ్లాను. నర్సుగా పనిచేసే ఒకావిడ డ్యూటీ నుంచి నేరుగా వచ్చి, రెండు నిమిషాల్లో ఒక సైన్సు పుస్తకంలోని బొమ్మ గురించి చెప్పి కూర్చున్నారు. ఆ బొమ్మ పేజీని తెరిపించి బోర్డు సభ్యులు చూశారు. తెనాలిలో చదివానని మీరు సంకోచించనక్కరలేదు. పుస్తకం తెరిచి చదివే ఓపిక మీకుంటే చాలు.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. ఈ రోజే దరఖాస్తు పంపాను. కమిటీని ఎవరు ఏర్పాటు చేశారనీ, పోయినసారి పుస్తకాలు ఎంచుకున్నప్పటి మినిట్స్ ఎక్కడ దొరుకుతాయనీ డిస్ట్రిక్ట్ ఆఫీసుకు రాశాను. పరిశీలనలో ఉన్న పుస్తకాలను ఆఫీసులో అందరూ చూసేందుకు పెట్టారట. గురువారం బడి వదిలాక మా అబ్బాయిని కూడా తీసుకెళ్లి, భిన్నాల అధ్యాయాన్ని ముందు వాడి చేతే చదివిస్తాను.